బాపమ్మ గురించి రాస్తే బర్రె పేరు గూడ రాయాలె

ఈ నెల వచ్చిన ఉత్తరాలల్ల సగం బాపమ్మలు, అమ్మమ్మల మీదనే ఉన్నయ్. తప్పు నాదే. పోయిన నెల ఇదే పేజీల మా బాపమ్మ బందెలదొడ్డి ముచ్చట నాలుగు లైన్లు రాసిన. బందెలదొడ్డి అంటే ఇప్పటి పిల్లలకు తెల్వదు గద, ఎవరి చేనుల పడి మేసిన పశువును పట్టుకపోయి కట్టేసే జాగ, జుర్మానా కడితేనే ఇడుస్తరు. మా బాపమ్మ తనది కాని బర్రెకు, ఆ ఇంటాయన కైకిలికి పోయి ఊర్ల లేడని, తన చెవి పోగులు కుదువ పెట్టి జుర్మానా కట్టొచ్చింది. ఇంట్ల వారం రోజులు లొల్లి. గంతే రాసిన, ఇగ ఉత్తరాలు, వాట్సాప్‌ల వాయిస్ మెసేజ్‌లు ఆగుతలెవ్వు. అన్నిటికి జవాబు ఇయ్యలేను, నాలుగిటికి ఇస్తున్న.

ప్ర: నమస్తే అక్కా. మాది పరకాల దిక్కు ఊరు. మా బాపమ్మ పోయి ఇంకో నెలకు ఏడాది అయితది. సంవత్సరీకం నాడు వచ్చినోళ్లకు పంచేటట్టు చిన్న పుస్తకం ఏద్దామని చిన్నాయిన అన్నడు, రాసే పని నా మీద పెట్టిండ్రు, ఇంట్ల ఎంఏ చదివింది నేనొక్కదాన్నే అని. కూసుంటే ఒక్క ముక్క వస్తలేదు. బాపమ్మ ఎప్పుడు పుట్టిందో ఎవ్వరికి తెల్వదు, ఆధార్‌ల జనవరి 1 అని ఉన్నది. చేసిన పనులు మాత్రం మస్తు. ఎడ్లబండి తనే తోలుకుంట మేడారం పోయేదట, తాత బండ్ల పండుకునేదట. లేగకు పాణం బాగలేకపోతే మొక్కుకున్నది, అది లేచి తిరిగినంక దాన్ని కాంటా ఎక్కించి లేగ ఎత్తు బంగారం (మేడారంల బెల్లాన్ని గట్లనే అంటరు) తల్లులకు ఇచ్చిందట, ఊరంత నవ్విండ్రట. సారా దుకాణం ముందల ఆడోళ్లను కూడగట్టి కూసున్నది, వార్డు మెంబర్ అయింది, అరవై దాటినంక టీవీఎస్ మోపెడ్ నేర్చుకున్నది, రెండుసార్లు పడ్డది. కుక్కలు, పిల్లులు, కాలిరిగిన కొంగ, ఇంట్ల మాకు జాగ ఉండకపోయేది. మూడొద్దుల నాడు పిట్టకు పెడితే గంటసేపు కాకి ముట్టలే. పెదనాయిన ఒకటి ఒప్పుకున్నడు, చిన్నాయిన ఒకటి ఒప్పుకున్నడు, అయినా రాలే. ఆఖరికి మా అవ్వ "నీ బర్రెను అమ్మం అత్తా" అన్నది, అప్పుడొచ్చింది. ఇవన్నీ రాద్దామంటే పెదనాయిన "సారా లొల్లి, పోలీసుల ముచ్చట ఎందుకు, ప్రేమమూర్తి, దయామయి అని రాయి సాలు" అంటుండు. ఎట్ల రాయాలె అక్కా?
– ఒక మనుమరాలు

జ: బిడ్డా, ఒక్క ముక్క వస్తలేదు అనుకుంటనే పుస్తకం సగం రాసి పంపినవ్. నీ ఉత్తరం చదివి లేగ కాడ నేను గట్టిగ నవ్విన, మా ఇంటాయన వచ్చి ఏమైందని అడిగిండు.

ముందు మీ పెదనాయిన సంగతి. ప్రేమమూర్తి అనే మాట మీ ఊరి మూలమలుపు కాడ ఫ్లెక్సీ మీద ఇప్పుడు గూడ ఉంటది చూడు, ఎవరో ఒకరిది. ఆ మాటలు తీసి ఇంకో ఇంటి బాపమ్మ ఫోటో కింద అతికించినా సరిపోతయ్. లేగను కాంటా ఎక్కించిన ముసల్ది మాత్రం మీ ఇంట్లనే ఉన్నది. ఆయనకు భయం ఎందుకో నాకు అర్థమైతది, సుట్టాలల్ల ఆ సారా దుకాణం నడిపినోళ్లు గూడ ఉండొచ్చు, సంవత్సరీకానికి అదే పంక్తిల కూసుంటరు. పేరు రాయకు, పని రాయి. వీలైతే ఆ దుకాణం ఆయన ఉంటే పోయి ఆయన్నే అడుగు, "ఆ రోజు మా బాపమ్మ ఏమన్నది" అని. నన్ను నమ్ము, ఆమె సోపతిగాళ్లకన్నా ఆయనకే ఎక్కువ యాది ఉంటది, తిట్లు తిన్నది ఆయన గద.

ఇగ తేదీలు. ఆధార్‌ల జనవరి 1 మా అవ్వకు గూడ ఉన్నది, మా వాడల ముసలోళ్లందరు ఒకటే రోజు పుట్టినట్టుంటది, దాన్ని పక్కకు పెట్టు. పెద్దోళ్లను "ఏ సంవత్సరం" అని అడిగితే "ఏమో బిడ్డా" అంటరు. "అప్పుడు ఊర్ల ఏమైతుండె" అని అడుగు. రజాకార్లు తిరిగినప్పుడు ఆమె చిన్న పిల్లనా, లగ్గం అయిందా? హైదరాబాద్ మీదికి పటాలం వచ్చింది 1948 సెప్టెంబర్‌ల. ఆమె లగ్గంల కట్నం నిజాం కాలం హాలి సిక్కలు పెట్టిండ్రా, మన రూపాయలా? నయాపైసలు 1957 ఏప్రిల్‌ల వచ్చినయ్. మీ నాయిన పుట్టుడు 69ల జై తెలంగాణ లొల్లికి ముందా ఎనుకనా? రెండు రూపాయల కిలో బియ్యం 1983, పటేల్ పట్వారీలు పోయింది 1984, మండలాలు వచ్చింది 1985, గోదారి పెద్దగ వచ్చి భద్రాచలం కాడ 75 అడుగులు దాటింది 1986 ఆగస్టు. వీటి నడుమ ఆమె పనులను ఒక్కొక్కటి పెట్టుకుంట పో, రెండు మూడేండ్ల తేడా వస్తే వచ్చింది, ఏం కాదు. కాయితం కావాల్నంటే 1954–55 ఖాస్రా పహాణీల, అంటే ఊరి భూముల లెక్క పుస్తకంల, మీ తాత తండ్రి పేరు, భూమి దొరకొచ్చు, ఆ ఇంటికి ఆమె కోడలుగ వచ్చింది అని అక్కన్నుంచి మొదలు పెట్టు. పాత ఓటరు లిస్టుల వయసు రాసి ఉంటది, అది గూడ అందాజానే, కని ఆధార్ కన్నా నయం.

మేడారం అయితే ఇంకా అల్కగ దొరుకుతది. రెండేండ్లకోసారి మాఘ పున్నమి దిక్కు వస్తది, 2020, 2022, 2024, 2026, నాకు యాదికున్న జాతరలన్నీ సరి సంవత్సరాలే. "మీ నాయిన చంకల ఉన్నప్పుడు పోయింది" అని ఎవరన్నా అంటే ఇగ సంవత్సరం దొరికినట్టే. కని దానికన్నా నాకు తొవ్వ ముఖ్యం. పరకాల నుంచి ములుగు, పస్రా, తాడ్వాయి అడివి, రెండు మూడు రోజుల బండి ప్రయాణం, ఎడ్లకు నాడాలు కొట్టించుడు, ఇరుసుకు కందెన రాసుడు, బండి కింద గడ్డి కట్టుకునుడు, రాత్రి కందిలి ఏలాడగట్టి బండ్లు వరుసగ పోవుడు, ఎందుకంటే ఒక్క బండి అడివిల పడిపోతే గుడ్డెలుగు భయం. ఆడామె పగ్గాలు పట్టుకుంటే పక్క బండోళ్లు ఏమన్నరు? ముందు బండిల ఉండెనా, ఎనుకబడ్డదా? బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ వచ్చేటాళ్లకు అందుకునేదా, లేకపోతే గురువారం చిలుకలగుట్ట నుంచి సమ్మక్క వచ్చేటప్పుడు జంపన్నవాగుల తానం చేస్తుండెనా? తాత నిజంగ పండుకునేదా లేకపోతే ఇది బాపమ్మ చెప్పుకున్న ముచ్చటనా? తాత తరపోళ్లను గూడ అడుగు. మా ఇంట్ల గిట్లనే ఒక కథ ఉండె, మా బాపమ్మ పాకాల అడివిల పులిని చూసి చీపురుతో అదిలించింది అని, యాభై ఏండ్లు ఇన్నం, ఆఖరికి తేలింది ఏందంటే అది పక్కింటోళ్ల కుక్క, చీకట్ల. పుస్తకంల రెండూ రాయి, ఆమె చెప్పింది, జరిగింది. ఆమె ఎట్లాంటి మనిషో ఆ రెండిటి నడుమ కనబడ్తది.

సారా సంగతికి వస్తే, మీ పెదనాయినకు ఇది చదివి ఇనిపియ్యి. 1992ల నెల్లూరు జిల్లా దూబగుంటల ఆడోళ్లు లేచిండ్రు, అది ఊరూరికి పాకింది, 1993 అక్టోబర్‌ల సర్కారు సారా బంద్ చేసింది, 1995 జనవరిల ఎన్టీఆర్ మొత్తం మందే బంద్ పెట్టిండు, 97ల మళ్లా ఎత్తేసిండ్రు. మీ బాపమ్మ కూసున్న దుకాణం ఆ ఉద్యమంలదే అయి ఉంటది, ఏ నెలనో అడిగి చూడు. వార్డు మెంబర్ అయింది గూడ 95 పంచాయతీ ఎలక్షన్లల్లనేనేమో, ఆడోళ్లకు మూడుల ఒక వంతు సీట్లు అప్పుడే వచ్చినయ్. అంటే ఆమె చేసింది ఇంటి పరువు తీసే పని కాదు, రాష్ట్రం చరిత్రల ఉన్న పని. మీటింగులల్ల ఏం మాట్లాడింది, ఏం అడిగింది – బోరింగా, వీధి దీపమా, పశువులకు నీళ్ల తొట్టా – పంచాయతీ తీర్మానాల పుస్తకంల ఏలిముద్రనో సంతకమో ఉంటది, కార్యదర్శిని అడిగి ఒక ఫోటో తీసుకో. ఆ ఒక్క పేజీ పుస్తకంల పెడితే మీ పెదనాయిన గూడ నలుగురికి చూపిస్తడు, రాసిపెట్టుకో.

జంతువులంటే పాణం అని మాత్రం రాయకు. ఎడ్ల పేర్లు రాయి. బర్రె పేరు రాయి. కుక్కలల్ల ఏది ఆమె మోపెడ్ ఎనుక ఉరికేదో రాయి. కుడితి గోలెం యాడ ఉండెనో, కాలిరిగిన కొంగకు దేంతో కట్టు కట్టిందో, అది ఎగిరిపోయిందా సచ్చిపోయిందా. సచ్చిపోయినయ్ గూడ రాయాలె, ఆమె బతికించినయే రాస్తే అది అబద్ధం పుస్తకం అయితది. మోపెడ్ మీదికెళ్లి పడ్డది రెండుసార్లు గూడ రాయి, యాడ పడ్డది, లేపింది ఎవరు, లేచి ఏమన్నది. ఆమె మొండితనం, నోటి దురుసు గిట్ల ఉంటే అదీ.

పుస్తకం పని గురించి రెండు మాటలు: పిన్ కొట్టే పుస్తకం పేజీలు నాలుగుతోని భాగారం అయ్యేటట్టు పెట్టుకో, 16నో 24నో, లేకపోతే ప్రెస్సోళ్లు ఖాళీ పేజీలు ఇడుస్తరు. అక్షరం పెద్దగ పెట్టుమను, చదివేది ముసలోళ్లు. పాత ఫోటోను ఆల్బంల నుంచి పీకకు, చినుగుతది, మంచిగ స్కాన్ చేయించు. ఫోన్‌తోని తీస్తే ఫ్లాష్ బంద్ పెట్టు. పెద్దోళ్లను అడిగేటప్పుడు ఫోన్‌ల రికార్డు పెట్టుకో, చెప్పి పెట్టు, దాచి పెట్టకు. ఒకేసారి మూడు గంటలు కూసోబెట్టకు, అరగంట, చాయ్, మళ్లా రేపు.

ఒకటి అడుగుత. బర్రె ఇంకా ఉన్నదా? ఆ ముక్క నువ్వు రాయలే.

ప్ర: అక్కా, హన్మకొండల మా కాలనీల మా అమ్మమ్మ ఏడు వీధి కుక్కలకు రోజు పొద్దుమీకి అన్నం పెడుతుండె, పదేండ్ల నుంచి. ఆమె పోయి రెండు నెలలు. ఇప్పటికీ ఏడున్నర అయితే అవి మా గేటు కాడ వచ్చి కూసుంటయ్, అరువయి, ఊకె చూస్తయ్. మా అమ్మ ఏడుస్తది. కాలనీ వాట్సాప్ గ్రూప్‌ల మాత్రం "ఇప్పుడన్నా మున్సిపాలిటీకి పట్టియ్యిండ్రి" అని మెసేజ్‌లు. మాకు పెట్టుడు ఇష్టమే, లొల్లి ఇష్టం లేదు. ఏం చెయ్యాలె?
– హన్మకొండ

జ: అరవకుండ కూసునుడే కష్టం బాబు. అరిస్తే కోపమన్నా వస్తది.

పట్టిచ్చుడు అంటే అవి ఇగ కనబడకుండ పోతయ్ అనుకుంటున్నరు కాలనీల. కుక్కల సంతానం తగ్గించే రూల్స్ కొత్తయి 2023ల వచ్చినయ్, వాటి ప్రకారం పట్టుకపోయిన కుక్కకు ఆపరేషన్, రేబిస్ టీకా చేసి మళ్లా పట్టుకున్న జాగలనే ఇడువాలె. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు గూడ అదే చెప్పింది, పిచ్చి లేసినయి, మీద పడి కరిసే స్వభావం ఉన్నయి తప్ప. బడి, దవాఖాన, బస్టాండు అసోంటి జాగలకు ఆ ఎనుక నవంబర్‌ల వేరే ఆర్డర్ వచ్చింది, అక్కడ పట్టినయి అక్కడ ఇడువద్దు అని. మీ గల్లీ దాంట్లకు రాదు. అన్నం పెట్టుడు గూడ ఇష్టమున్నకాడ కాదు, పెట్టే జాగ అని ఒకటి అనుకుని అక్కడనే పెట్టాలె, పిల్లలు ఆడుకునే కాడ, మెట్ల కాడ, గేట్ల కాడ వద్దు. అంటే మీ గేటు ముందల పెట్టుడు తప్పే, అమ్మమ్మ పెట్టినా తప్పే.

నేనైతే ఇట్ల చేస్త. గ్రూప్‌ల జవాబు ఇయ్యను, ఎవరు ఎక్కువ మెసేజ్ పెడుతున్నరో ఆయన ఇంటికి చాయ్ టైముకు పోత. ఏడిట్ల ఎన్నిటికి ఆపరేషన్ అయిందో చూసుకో, చెవి కొసన చిన్న కోత ఉంటే అయినట్టు. కానియి మున్సిపాలిటీకి చెప్పి చేయించే బాధ్యత మాది అని చెప్పు. ఎనుక ఖాళీ ప్లాటు అసోంటి జాగ ఒకటి ఒప్పిచ్చుకో. అమ్మమ్మ టైముకే, అమ్మమ్మ గిన్నెల్లనే, రోజుకు పది అడుగులు గిన్నె జరుపుకుంట పో, రెండు మూడు వారాలల్ల అక్కడికే పోయి కూసుంటయ్. తిన్నంక ఆ జాగ కడుగుడు మర్చిపోకు, లొల్లి సగం ఆ ఎంగిలి మెతుకుల కాడనే వస్తది. ఎవరికన్నా పన్ను దిగితే పసుపు, కారం పెట్టనియ్యకు, నల్ల కింద సబ్బుతోని పదిహేను నిమిషాలు కడిగి అప్పుడే దవాఖానకు తీసుకపో, ఆ రోజే సూది. పెట్టేటోళ్లు ఈ బాధ్యత గూడ ఎత్తుకుంటే కాలనీల నోర్లు కొంచెం మూతపడ్తయ్.

అమ్మను గూడ రోజు గిన్నె పట్టుకుని పొమ్మను. ఇంట్ల కూసుని ఏడ్చే దానికన్నా నయం.

ప్ర: మా నాయనమ్మ పెంచిన రామచిలుక పంజరంల ఉన్నది, ఆమె పేరు పెట్టి పిలుస్తది. ఆమె యాదికి సంవత్సరీకం నాడు అందరి ముందల ఎగరేద్దామని అన్నయ్య అంటుండు, వీడియో గూడ తీస్తడట. మంచిదేనా?
– జనగామ

జ: వీడియో కోసం అయితే వద్దు. మన రామచిలుకను పంజరంల పెట్టుడే 1972 వన్యప్రాణుల చట్టం ప్రకారం నేరం, అది నాయనమ్మకు తెల్వకపోవచ్చు, మీకు తెలిసింది గద ఇప్పుడు. కని ఏండ్ల తరబడి జామపండు చేతికి అందిన పిట్టకు తిండి ఎతుక్కునుడు రాదు, గద్దను చూసి దాక్కునుడు రాదు. నలుగురి చప్పట్ల నడుమ ఎగిరి పక్కింటి రేకుల మీద వాలుతది, సాయంత్రానికి పిల్లి పట్టుకపోతది. ఫారెస్ట్ ఆఫీసుల చెప్పి అప్పజెప్పుండ్రి, వాళ్లు మెల్లగ అలవాటు చేయాల్నా, హంటర్ రోడ్డు కాకతీయ జూ అసోంటి కాడ పెట్టాల్నా చూస్తరు. అప్పజెప్పే ముందు అది నాయనమ్మను పిలిచేది రికార్డు చేసుకో. ఆ వీడియో తీయమను మీ అన్నను.

ప్ర: మేడమ్, మీరు అందరి బాపమ్మలను మెచ్చుకుంటున్నరు. నాకు మా అమ్మమ్మ మీద కోపం ఉన్నది. 2023 జులైల మా భూపాలపల్లి దిక్కు వాగు ఊర్లకు వచ్చిన రాత్రి నన్ను డాబా మీద ఎక్కించి, "ఈడనే ఉండు" అని, పశువుల తలుగులిప్పుటానికి కిందికి దిగింది. నాకు పద్నాలుగేండ్లు అప్పుడు, అమ్మా నాయిన ఊర్ల లేరు. చీకటి, కరెంటు లేదు, నీళ్ల సప్పుడు. ఆమె మళ్లొచ్చింది, మొన్న ఎండకాలంల జరమొచ్చి పోయింది. ఊర్ల అందరు ఆ రాత్రి గురించే చెప్పి ఎంత ధైర్యం, ఎంత దయ అంటరు. నన్ను ఎవరు అడుగరు. ఇట్ల అనుకునుడు పాపమా?
– ఇంటర్ చదివే పిల్ల

జ: పాపం కాదు బిడ్డా. మేడమ్ అనకు, అక్కా అను, లేకపోతే అమ్మమ్మా అన్నా పలుకుత.

ఆ వాన నాకూ యాదున్నది. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల ఒక్క రోజుల 649.8 మిల్లీమీటర్లు పడ్డది, అంత వాన తెలంగాణల ఎన్నడూ రికార్డు కాలే. మోరంచపల్లి మునిగింది, మనుషులు ఇండ్ల మీద, చెట్ల మీద ఉంటే బోట్లు, హెలికాప్టర్లు వచ్చినయ్. తెల్లారి కొట్టాలల్ల కట్టేసినకాడనే పడి ఉన్న పశువులను చూసిన ఎవరికన్నా మీ అమ్మమ్మ ఎందుకు దిగిందో తెలుస్తది. బర్రెకు ఈత వస్తది, తలుగు మెడకు ఉంటే ఎంత ఈత వచ్చినా ఒకటే. ఆమెకు అది తెలుసు. నిన్ను ఎత్తు మీద పెట్టినంకనే దిగింది, అది గూడ నిజం.

కని నువ్వు పైన ఒక్కదానివి ఉన్నవ్, అదీ నిజం. ఊరోళ్లు చెప్పే కథల నువ్వు లేవు. మా బాపమ్మ బందెలదొడ్డికి కుదువ పెట్టిన చెవి పోగులు మా అక్క లగ్గానికి అనుకున్నయి, ఆ ముచ్చట పోయిన నెల రాయలే నేను, సిగ్గయి. మా అక్క అరవై ఎనిమిదేండ్ల మనిషి, ఇప్పటికీ ఆ పోగుల మాట వస్తే మొకం తిప్పుకుంటది, బాపమ్మ సావుకు మాత్రం అందరికన్న ఎక్కువ ఏడ్చింది ఆమెనే. ఊరంత మెచ్చుకునే ఆడోళ్ల ఇండ్లల్ల గిట్లాంటోళ్లు ఒకరిద్దరు ఉంటరు, ఎవరు అడుగరు వాళ్లను.

అమ్మమ్మ ఉన్నప్పుడు ఈ మాట ఆమెతోని అనలేదు కావచ్చు నువ్వు. ఇప్పుడు రాయి. చక్కగ రావాల్నని లేదు, ఆమెకు ఉత్తరం రాసినట్టు తిట్టుకుంట రాసినా సరే. డాబా మీద ఎంత సేపున్నవ్, ఏం వినబడ్డది, పేరు పెట్టి పిలిచినవా, ఆమె జవాబు ఇచ్చిందా, ఎన్ని తలుగులు ఇప్పింది, ఎన్ని మళ్లొచ్చినయ్, నిచ్చెన ఎక్కి వచ్చినంక ముందు నీ దిక్కు చూసిందా, ఎనుకకు మర్రి నీళ్ల దిక్కు చూసిందా. రాసి పంపు. వచ్చే నెల ఈ పేజీ నీకే ఇడుస్త, నేను ఒక్క లైను గూడ కలుప.